మొగ్గలు నిలబడ్డాయి, మూడో ఏడాదికి

నిన్న పొద్దున తొమ్మిది పూలు ఒకేసారి విచ్చుకున్నాయి. ముదురు గులాబీ రంగు, గొంతు దగ్గర కాస్త నారింజ. మెక్సికో ఎలుకతోక కాక్టస్‌నీ ఎపిఫిల్లమ్ సంకరాలనీ కలిపి పుట్టించిన ఏపోరోఫిల్లమ్ ఇది. మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పిలుచుకునేది కూడా ఎపిఫిల్లమే. అది రాత్రి పూసి తెల్లారేసరికి వేలాడిపోతుంది, ఇదేమో పగలే విచ్చుకుని మూడు నాలుగు రోజులుంటుంది.

కాడ నాటడం సులువు. ఆరంగుళాల ముక్కను నీడలో పది రోజులు ఆరనిచ్చి, కోసిన చోట పొర కట్టాక అంగుళం లోతు గుచ్చాను. మొదటి వారం నీళ్లు పోయలేదు. నెలన్నరకి వేరు పట్టింది.

ఏడ్పించింది మొగ్గలే. మొదటి ఏడాది ఫిబ్రవరిలో పద్నాలుగు వచ్చాయి. శనగగింజంత అయ్యాక పసుపెక్కి వారంలో అన్నీ రాలాయి. హైదరాబాద్ ఎండ అనుకున్నాను. మొక్క అమ్మినాయన "బలం చాల్లేదండీ, డీఏపీ ఎరువు వెయ్యండి, రోజూ నీళ్లు పొయ్యండి" అన్నాడు. చెంచాడు గుళికలు వేశాను. మరుసటి ఏడాదీ అదే వరస, పైగా కాడలు ముడతలు పడ్డాయి.

మట్టి తడిగా ఉండి కాడ ముడతపడిందంటే దాహం కాదు, వేరు చచ్చిందని. ఊడదీస్తే వేళ్లు గోధుమరంగులో, లాగితే తొక్క జారిపోయేలా ఉన్నాయి. కుండీ అంచున తెల్లటి ఉప్పు పొర. బోరు నీళ్లు, వృథా చేయడమెందుకని పోసిన ఆర్వో వదిలేసే నీళ్లు, వాటి మీద డీఏపీ: మూడింటి ఉప్పూ కలిసింది. చెట్ల మీదా రాళ్ల మీదా వాన నీటితో, ఆకుల చెత్తతో బతికే జాతి సన్నని వేళ్లు దాన్ని తట్టుకోలేవు. వేరు దెబ్బతిన్న మొక్క ముందు వదిలేసేది మొగ్గనే. కుండీకి బలం పెడుతున్నానని రెండేళ్లు పదిమందికి చెప్పుకున్నాను, సిగ్గేసింది.

బాగున్న కాడలు కోసి మళ్లీ మొదలెట్టాను. కొబ్బరి పీచు ముక్కలు రెండు పాళ్లు (ఉప్పు పోయేదాకా మూడు నాలుగుసార్లు కడగాలి), పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు) ఒకటిన్నర, వర్మీకంపోస్ట్ ఒకటి, నలిపిన బొగ్గు అర పాలు. ఆరంగుళాల వేలాడే కుండీ చాలు. పెద్దదైతే మధ్యలో తడి ఆరదు. పట్టి ఉంచిన వాన నీళ్లు, అవి అయిపోతే తాగే నీళ్లు. నవంబరు నుంచి జనవరి దాకా పదిహేను రోజులకోసారే. ఆ చలి, ఆ పొడితనం కలిస్తేనే మొగ్గ కడుతుంది. జనవరి చివర 0-52-34 ఎరువు (నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ ఉండేది) లీటరు నీళ్లకి అరగ్రాము, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు. మొగ్గ కనబడగానే ఆపేశాను.

ఇంకో పొరపాటు కూడా చేశాను. మొగ్గలున్నప్పుడు అందంగా కనబడాలని కుండీ తిప్పాను, అలా తిప్పకూడదు. ఈసారి అంచున సుద్దతో గీత గీసి గోడకేసి ఉంచాను. పైన అంగుళం ఆరగానే నీళ్లు, మార్చి నుంచి యాభై శాతం షేడ్ నెట్.

పిండినల్లి పడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే చాలు.

ఒకసారి పూసిన కణుపు మళ్లీ పూయదు. అందుకని పూలు వాడాక పాత కాడలు కొన్ని కోసి ముక్కలు పంచుతాను. అడిగినవాళ్లందరికీ ఇస్తాను, డీఏపీ సలహా ఇచ్చినాయనకి తప్ప.