కొర్నారో మందిరంలో కొలువుదీరిన దాతలు

రోమ్‌లో పదిహేడో శతాబ్దపు ఇటలీ శిల్పి బెర్నినీ శిల్పాలను చూడాలనుకునేవారు మొదట సెయింట్ పీటర్స్ బసిలికాకే వెళ్తారు. మేమూ అక్కడి నుంచే మొదలుపెట్టాం. ప్రధాన బలిపీఠంపై అతడు నిలిపిన కంచు మంటపంలో ఎటు చూసినా తేనెటీగలే కనిపిస్తాయి. అవి ఆ పని చేయించిన పోప్ ఎనిమిదవ ఉర్బన్ పుట్టిన బార్బెరీనీ వంశానికి చిహ్నాలు. 1644లో ఉర్బన్ మరణించి పదవ ఇన్నోసెంట్ గద్దెనెక్కడంతో శిల్పి దశ తిరగబడింది. బసిలికాకు అతడు కడుతున్న గంటల గోపురాన్ని, పగుళ్లు కనిపించాయని, 1646లో కూల్చివేయించారు. ఆ గడ్డుకాలంలోనే వెనిస్ ప్రభువంశానికి చెందిన కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి మతాధికారి) ఫెడెరికో కొర్నారో తమ వంశపు ప్రార్థనామందిరం పనిని అతడికి అప్పగించాడు.

టెర్మినీ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, కార్మెల్ సభ అనే కాథలిక్ సన్యాస సంఘానికి చెందిన సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలో ఉంది ఆ మందిరం. ఆ సభను సంస్కరించి, 1622లో పునీతురాలిగా ప్రకటితమైన అవిలా తెరేసా తానే రాసుకున్న దర్శనాన్ని, అంటే ఒక దేవదూత బంగారు బల్లెంతో తన గుండెను గుచ్చిన ఘట్టాన్ని, బెర్నినీ 1652 నాటికి పాలరాతిలో చూపించాడు. పైన కంటికి కనబడని కిటికీలోంచి దిగే వెలుగు బంగారు పూత కిరణాల మీదుగా ఆమె ముఖంపై పడుతుంది. దేవదూత పలుచని వస్త్రం మంటలా రెపరెపలాడుతుంటే, తెరేసా మోటు ఉన్ని అంగీ మడతలు మడతలుగా కుప్పపడి ఉంది. ఆ మడతల కిందినుంచి ఒక ఉత్త పాదం పట్టుతప్పి వేలాడుతోంది. పవిత్ర చిత్రాలు భక్తులకు బోధించాలని 1563లో కాథలిక్ మతపెద్దల ట్రెంట్ మహాసభ చెప్పింది గానీ, బోధన ఇంతగా ఒంటిని తాకుతుందని ఆ సభ పెద్దలు ఊహించి ఉండరు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం పక్కగోడలు. నాటకశాలలోని ప్రత్యేక గదుల వంటి గూళ్లలో ఫెడెరికో, వెనిస్ పాలకుడైన అతడి తండ్రి, వంశంలోని పూర్వపు కార్డినళ్లు కూర్చుని ఉన్నారు. శిల్పం చెక్కేనాటికి వారిలో బతికున్నవాడు ఫెడెరికో ఒక్కడే. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటే, ఈ దాతల్లో ఒకరు పుస్తకంలో మునిగిపోయారు, మరికొందరు ముచ్చట్లలో ఉన్నారు. ఈ ధీమా నాకు మొదట అహంకారంగానే తోచింది. కాని నేల మీద రంగురాళ్లతో పొదిగిన అస్థిపంజరాలను చూశాక, ఇది సమాధి మందిరమని, ఫెడెరికో చేయించుకున్నది తన మరణానంతర ఆసనాన్నేనని తెలిసింది.

బెర్నినీని దూరం పెట్టిన ఇన్నోసెంట్ కూడా ఎక్కువకాలం పట్టుదలకు పోలేదు. నవోనా చౌకులో తన వంశ భవనం ఎదుట నాలుగు నదుల ఫౌంటెన్‌ను అతడి చేతనే కట్టించి 1651లో ఆవిష్కరించాడు. అందులో మన గంగమ్మ, తెడ్డు పట్టుకున్న గడ్డపాయన!