ఎదురుగాలిలో డాలస్

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమని ఇంటర్నెట్‌ను అడిగితే ఠక్కున 14,400 కిలోమీటర్లని చెబుతుంది. గ్లోబు మీద దారం పెట్టి లాగితే అది దాదాపు ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. అంత తిన్నగా తీసుకెళ్లే విమానం మాత్రం మనకు లేదు. నాలుగు గంటలు పడమటికి ఎగిరి దుబాయ్‌లో దిగి, ఇంకో విమానం పట్టుకోవాలి. రెండూ కలిపితే 15,400 పైచిలుకు. ఖమ్మం నుంచి శంషాబాద్‌కు కారులో పట్టిన అయిదు గంటలు, మూడు గంటల ముందే రమ్మనే నియమం, దుబాయ్‌లో నడిరాత్రి బెంచీ మీద జాగారం ఏ లెక్కలోనూ రావు. అక్కడ ఒక్క కాఫీకి పెట్టిన డబ్బుతో మా ఊళ్లో నలుగురు భోంచేయవచ్చు.

ఆ విసుగుతోనే సీటులో కూలబడ్డాను. పక్కన ఒక పెద్దాయన. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారట, కొడుకు దగ్గరకు వెళుతున్నారు. సినిమాల జోలికి పోకుండా ఎదుటి తెర మీద మ్యాపు పెట్టించుకుని, వేగం అంకె మీదే కళ్లు నిలిపారు.

దుబాయ్ నుంచి డాలస్ 12,900 కిలోమీటర్లు, పదహారు గంటలు అని చెప్పాను.

“ఇంతసేపూ ఒక్కడే నడుపుతాడా బాబూ?”

“నలుగురు పైలట్లు ఉంటారు బాబాయి గారూ. వంతులవారీగా పడుకుంటారు. పడకలు కూడా ఉంటాయి.”

“నైట్ హాల్టుకు వెళితే మాకు బస్సు సీటే పడక,” అన్నారు.

తర్వాత ట్యాంకు సంగతి. ఈ బోయింగ్ 777లో 1,81,000 లీటర్లు పడుతుందనగానే వేళ్ల మీద లెక్క మొదలైంది. కిలోమీటరుకు పద్నాలుగు లీటర్లు! ట్యాంకు మొత్తం ఖాళీ కాదు, కొంత నిల్వ ఉంచుతారని చెప్పినా వినలేదు. లీటరుకు అయిదున్నర కిలోమీటర్లు రాలేదని డిపో మేనేజరు చేత మాటలు పడ్డ మనిషి ఆయన. “ఈ కేఎంపీఎల్‌కు మమ్మల్నయితే సస్పెండ్ చేసేవాళ్లు.” మూడు వందల యాభై మందికి పంచితే అంత దారుణమేమీ కాదని నేను సర్దిచెప్పేసరికి భోజనాల బండి వచ్చింది. పెరుగన్నం లేదు. బన్ను గట్టిగా ఉంది.

గ్రీన్‌లాండ్ దాటాక కాస్త కునుకు తీశాను. భుజం మీద తట్టి లేపారు. తెర మీద వేగం 900 నుంచి 810కి పడిపోయింది.

“ఘాటు రోడ్డు వచ్చినట్టుందే?”

ఎదురుగాలి అన్నాను. పైన పడమటి నుంచి తూర్పుకు గాలి ఉరవడిగా వీస్తుందని, అందుకే వెళ్లేటప్పుడు ఆలస్యమని, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే గంటకు పైగా కలిసొస్తుందని వివరించాను. కాసేపు ఆలోచించారు.

“మరి తిరుగు టికెట్టులో ఏమైనా తగ్గించారా?”

తగ్గించలేదు. వేసవి సెలవుల రేటు, రానూపోనూ లక్షన్నర దాటింది.