పూతరేకు స్కానర్ ఎక్కింది

కోటిపల్లి రేవులో తెల్లారగట్ల మంచులోంచి వచ్చే పంటు (నది దాటించే పెద్ద పడవ) బొమ్మ వేద్దామని, కంప్యూటర్లో బొమ్మలు వేసే క్రీటా సాఫ్ట్‌వేర్ ముందు రెండు వారాలు కూర్చున్నాను. గీత కుదిరింది, రంగులూ కుదిరాయి. బొమ్మ మాత్రం కొత్త ప్లాస్టిక్ బకెట్‌లా నున్నగా మెరుస్తోంది. నెట్‌లో దొరికే రెడీమేడ్ టెక్స్చర్లు, అంటే గరుకుదనం కోసం బొమ్మ మీద పరిచే ఫొటోలు, వేసి చూశాను. ఏ ఊరి గోడలో ఏమో, గోదావరికి అతకలేదు.

ఇంట్లో ప్రింటర్‌తో పాటు వచ్చిన స్కానర్ ఉంది. ముందు గోనెసంచి ముక్క పెట్టి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) లాగాను. పోగు పోగూ వచ్చింది! రంగు తీసేసి, మధ్యస్థం బూడిద రంగుకి తెచ్చి, నీళ్ల మీద సాఫ్ట్ లైట్ అనే బ్లెండింగ్ మోడ్‌లో (పై పొర కింది బొమ్మతో కలిసే పద్ధతి) వేస్తే చిన్న చిన్న అలలు లేచాయి. సరిగ్గా 50 శాతం బూడిద రంగు ఉన్నచోట ఈ మోడ్ ఏమీ చేయదు, దానికంటే ముదురూ లేతా మాత్రమే పనిచేస్తాయి.

ఆ ఊపులో కొబ్బరి పీచు పెట్టాను. అద్దానికి ఆనినంత మేరే స్పష్టం, మిగతాదంతా మసక. ఇలాంటి చవక స్కానర్లలో ఉండేది సీఐఎస్ అనే రకం సెన్సరట, అద్దం మీంచి కాస్త లేచినా దానికి సరిగ్గా కనబడదు. సీసీడీ రకమైతే కొంత లోతు అందుతుంది. పీచు దువ్వి, పలచగా పరిచి, మీద బరువు పెట్టాక దారికొచ్చింది. పంటు తుప్పుని స్కానర్ ఎక్కించలేం కాబట్టి నీడపట్టున ఫోన్‌తో తీసి, తెలుపు పోయి ముదురు మిగిలే మల్టిప్లై మోడ్‌లో వేశాను.

మంచుతోనే వచ్చింది తంటా. బ్రష్‌తో ఎంత పులిమినా పొగలా ఉంది. ఆత్రేయపురంలో పెద్దమ్మ పూతరేకులు తీస్తుంది. ఓ రోజు వెళ్లి కూర్చుంటే, కాలిన కుండ మీద పిండి గుడ్డ అలా లాగింది, రేకు ఇలా లేచింది. వెలుగుకి పట్టుకుంటే అచ్చం మంచే.

“తినేదాన్ని మిషన్లో పెడతావేంట్రా!” అంటూనే నాలుగిచ్చింది.

మొదటిది మూత వేయగానే పటపటా విరిగింది. రెండోదాన్ని తడిగుడ్డ కింద కాసేపు ఉంచి మెత్తబరిచాను. అద్దం మీద పారదర్శక షీటు వేసి, దాని మీద పరిచాను. స్కాన్ చూస్తే తెల్లకాగితం! మూత లోపలి తెలుపులో రేకు కలిసిపోయింది. మూత తీసి నల్లగుడ్డ కప్పాక చూడాలి, సన్నని చారలు, చిల్లులు, మడత దగ్గర చిన్న చీలిక. స్క్రీన్ మోడ్‌లో నలుపు కనబడకుండా పోతుంది, తెలుపు మిగులుతుంది. ఆ పొర గాఢత 25 శాతానికి తగ్గించేసరికి పంటు ముందు మంచు పట్టింది. నాలుగో రేకు నేనే తినేశాను.

పెద్దమ్మకి ఫోన్‌లో చూపిస్తే, “ఇందులో నా రేకేదిరా?” అంది. జూమ్ చేశాను. పంటు పక్కన ఒక చార మీద వేలు పెట్టి, “ఇదిగో, ఇక్కడ గుడ్డ ఆగింది. నువ్వు మాట్లాడించావు కదా” అంది.