షోకేసులోని తెల్లరాయి

చెన్నైలో మా ఇంటి షోకేసులో ఒక తెల్లరాయి ఉంది. నాయనమ్మ ఎప్పుడో రామేశ్వరం యాత్రకు వెళ్లినప్పుడు కొనితెచ్చింది. అది రాయి కాదని, పగడపు జీవుల అస్థిపంజరమని నాకు అండమాన్‌లో గానీ తెలియలేదు.

జాలీబాయ్ దీవి చూడాలని బయలుదేరాం. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులో ఉందది. ఏడాది పొడవునా తెరిచి ఉండదు; కొన్ని నెలలు ఇక్కడికి, మిగతా నెలలు రెడ్‌స్కిన్ దీవికి పంపుతారు. మొదటి రోజు అనుమతి పత్రం దొరకలేదు, రెండో రోజు దొరికింది. వండూరు జెట్టీలో అసలు పరీక్ష మొదలైంది. దీవికి ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. సంచులన్నీ విప్పించారు. అత్తయ్య పులిహోరను కవర్లలో కట్టి తెచ్చారు. పక్కనున్న టీకొట్టు ఆవిడ స్టీలు డబ్బా ఇచ్చి, "తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చేయండి" అంది. అంత కట్టుదిట్టంగా ఉన్నందుకు నాకు నిజంగా సంతోషమనిపించింది.

మడ అడవుల మధ్యగా పడవ సాగింది. దీవి దగ్గర అడుగున గాజు పలక ఉన్న చిన్న పడవలోకి మారాం. పడవ నడిపే ఆయన పూర్వీకులది శ్రీకాకుళం. "కిందికే చూడండమ్మా, పైన ఏమీ లేదు" అన్నాడు. చిలుక చేపలు పగడాన్ని కొరుకుతున్నాయి. నీలి పెదవుల పెద్ద ఆల్చిప్ప మా నీడ పడగానే ముడుచుకుంది. మెదడులా మడతలు పడిన పగడం ఒకటి మా పాప కంటే పెద్దది.

మధ్యమధ్యలో బూడిదరంగు ముక్కల గుట్టలు కనిపించాయి. 2010లో నీళ్లు వేడెక్కినప్పుడు పోయినవని ఆయన చెప్పాడు. పగడపు జీవుల ఒంట్లో కంటికి కనిపించని నాచు ఉంటుంది. వాటికి తిండి పెట్టేది, రంగునిచ్చేది అదే. నీరు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే ఆ నాచు వెళ్లిపోతుంది. పగడం తెల్లబడుతుంది, ఆకలితో చస్తుంది. మా షోకేసు నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ అందమనుకుని తుడుచుకున్న తెలుపు అది.

ఒడ్డున పాప ఒక ముక్క ఏరి జేబులో వేసుకుంది. పులికి ఏ చట్టమో, 2001 నుంచి పగడానికీ అదే చట్టమని చెప్పి తీయించాను. అది ఇసుకలో పెట్టేసి అడిగింది: "మరి మన ఇంట్లోది?"

తిరిగి వచ్చిన మర్నాడే దాన్ని అప్పగించడానికి ఏం చేయాలో అడుగుతూ అటవీశాఖకు ఉత్తరం రాశాను.