కవుము దారిలో కాగితాల పని

రువాండా రాజధాని కిగాలీలో బస్సెక్కితే ఆరేడు గంటలు. న్యుంగ్వే అడవి మలుపులన్నీ తిరిగాక కివు సరస్సు కనిపిస్తుంది. రువాండా వైపు దిగి రుసిజి నది వంతెన దాటితే అవతల కాంగో, బుకావు. మేం వెళ్లింది 2019 చివర్లో. ఎబోలా రోజులు కావడంతో సరిహద్దులో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి, జ్వరం చూసి పంపారు. ఎల్లో ఫీవర్ కార్డు తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంలో టీకా వేయించుకున్నా పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. కొనుగోళ్లకు డాలర్లు నడుస్తాయి కానీ నోటు అంచు రవ్వంత చిరిగినా పుచ్చుకోరు.

హక్కుల పని అంటే నినాదాలే అనుకుని వస్తే ఇక్కడ ఉసూరుమంటారు. పనంతా కాగితాలదే: అత్యాచారానికి గురైనవాళ్ల సాక్ష్యం కోర్టులో నిలిచేలా రాసి పెట్టడం. డాక్టర్ డెనిస్ ముక్వేగే 1999లో మొదలుపెట్టిన పాంజీ ఆసుపత్రి ఈ ఊళ్లోనే ఉంది. 2018 నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు. అత్యాచారం జరిగిన 72 గంటల్లోపు వస్తే హెచ్‌ఐవీ నివారణ మందు మొదలుపెట్టవచ్చు. అడవి పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్లకు ఆ గడువు చాలాసార్లు దారిలోనే అయిపోతుంది.

వైద్యం తర్వాత వచ్చేది పత్రం. చికిత్సకు, పరీక్షకు, ఫొటోలకు, కోర్టుకు ఇవ్వడానికి నాలుగు సమ్మతులూ విడివిడిగా తీసుకోవాలి. ఒక్క సంతకంతో అన్నీ కానిచ్చేస్తే బాధితురాలు వద్దన్నదేదో తర్వాత ఎవరికీ తెలియదు. గాయాన్ని దూరం నుంచి ఒకటి, మధ్యస్థంగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి, మూడు ఫొటోలు తీయాలి. బట్టలను ఆరనిచ్చి కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకు బూజు పట్టి సాక్ష్యం పాడవుతుంది. డాక్టరు ‘అత్యాచారం జరిగింది’ అని రాయకూడదు. అది జడ్జి తేల్చే మాట. ‘కనిపించినవి ఆమె చెప్పినదానితో సరిపోతున్నాయి’ అంటే చాలు. గాయాలు లేకపోతే నేరం జరగలేదని కాదు, ఆ మాటా రాసి పెట్టాలి.

ఎక్కువగా చెడేది వాంగ్మూలం దగ్గర. ఒక సంస్థ అడుగుతుంది, తర్వాత మరొకటి, ఆపైన విలేకరి. మూడుచోట్ల తేదీ మూడు రకాలుగా పడుతుంది. డిఫెన్స్ లాయరుకు అంతకంటే ఏం కావాలి? పల్లెల్లో తేదీ గుర్తుండదు. సంతరోజా, చర్చి రోజా, కోతల ముందా అని అడిగితేనే లెక్క తేలుతుంది. స్థానిక భాష మాషి మాట్లాడే పెద్దమ్మ దగ్గర స్వాహిలి అనువాదకుణ్ణి కూర్చోబెడితే సగం మాట జారిపోతుంది. అనువాదకుడు అదే ఊరివాడైతే ఆమె నోరే తెరవదు.

బుకావుకు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్లు వెళితే కవుము. విమానాశ్రయం అక్కడే. 2013 నుంచి 2016 దాకా ఈ ఊళ్లో రాత్రిళ్లు ఇళ్లలోంచి పసిపిల్లల్ని ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. చాలాకాలం ప్రతి కేసూ ఒంటరి ఫైలే. వాటిని కలిపి సైనిక న్యాయవిభాగం చేతికి ఇచ్చాకే ఒకే పద్ధతి కనిపించింది: రాత్రి, ఇల్లు, చిన్న వయసు, ఒకే తరహా గాయాలు. కోర్టే ఊరికి కదిలివచ్చింది. పిల్లల్ని బోనెక్కించలేదు, ముందే రికార్డు చేసిన వీడియోలు చూశారు. పెద్ద సాక్షులు ముసుగుల్లో, గొంతు మార్చి చెప్పారు. మన పోక్సో చట్టమూ నిందితుడు పిల్లల కంట పడకూడదంటుంది. మన కోర్టుల్లో అది ఎంత జరుగుతోందన్నది వేరే సంగతి. 2017 డిసెంబరులో 11 మందికి యావజ్జీవం పడింది, నేరం మానవత్వంపై నేరం. అందులో ప్రాంతీయ శాసనసభ్యుడు ఫ్రెడెరిక్ బాటుమికే ఒకడు.

ఇలాంటి సంచార కోర్టు నడవాలంటే జడ్జీలు, గుమస్తాలు, లాయర్లు, జనరేటరు, డీజిలు అన్నీ బురదదారిలో రావాలి. ఐక్యరాజ్య సమితి దళం సాయం చేసేది. 2024 జూన్‌లో ఆ దళం దక్షిణ కివు వదిలింది. 2025 ఫిబ్రవరిలో ఎం23 అనే తిరుగుబాటు దళం బుకావులోకి వచ్చింది.

రిజిస్టరులో కోడ్ నంబర్లే రాస్తారు. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే చోట, వేరే తాళంలో, వేరే మనిషి దగ్గర ఉంటుంది. ఆ జాబితా ఇప్పుడెక్కడుందో ఫోన్లో అడగం.