ఆన్యాంగ్‌లో జెండా కింద ఇద్దరు మనుషులు

బీజింగ్ వెస్ట్ నుంచి ఆన్యాంగ్ ఈస్ట్‌కి హైస్పీడ్ రైల్లో సుమారు రెండున్నర గంటలు. టికెట్ పాస్‌పోర్ట్ నంబరు మీదే ఉంటుంది, చేతికి కాగితం రాదు. చాలాచోట్ల ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్ట్‌ని చదవదు కాబట్టి మనిషి నిలబడే పక్క గేటుకే వెళ్ళాలి. రైలు కదలడానికి కొన్ని నిమిషాల ముందే దాన్నీ మూసేస్తారు. బీజింగ్ సంగతులు అందరూ రాసినవే, వదిలేస్తున్నాను.

ఆన్యాంగ్ మూడు వేల ఏళ్ళకు ముందు చైనాలో ఏలిన షాంగ్ రాజుల చివరి రాజధాని. అక్కడి చైనా లిపి మ్యూజియంలో నేను వెతికింది ఒక్క అక్షరాన్ని: 'ల్యూ'. ఇవాళ ప్రయాణానికి 'ల్యూషింగ్', బసకి 'ల్యూగ్వాన్' అంటారు, రెండింట్లోనూ ఉన్నది ఇదే. షాంగ్ కాలంలో జోస్యం కోసం అడిగిన ప్రశ్నల్ని ఎముకల మీద చెక్కేవారు, ఈ అక్షరం ఉండేది వాటి మీదే. ఎద్దు భుజం ఎముక మీద గీతలు వెంట్రుక మందాన ఉంటాయి, పైగా అద్దం మీద లైటు మెరుపు. పక్కన సిరాతో తీసిన నకలు ఉంటే ముందు దాన్ని చూడండి. నల్లటి మీద తెల్లటి గీతలు తేలిగ్గా పోల్చుకోవచ్చు, తర్వాత ఎముక మీద వెతుక్కోవచ్చు. జెండా కర్ర, దాని కింద ఒకే వైపు తిరిగిన ఇద్దరు మనుషులు. అంటే దండు! సైన్యంలో బ్రిగేడ్‌కి ఇప్పటికీ ఇదే మాట. మనకి దండయాత్ర, జైత్రయాత్ర ఉండనే ఉన్నాయి కాబట్టి తెలుగువాడికి ఇందులో వింతేమీ లేదు.

ల్యూ అంటే 500 మంది సైనికులని గైడ్లు చెబుతారు. ఆ లెక్క ఎముకలది కాదు, తర్వాతి కాలపు గ్రంథాలది: వందమంది దళాలు ఐదైతే ఒక ల్యూ, ఐదు ల్యూలైతే 2,500 మంది. షాంగ్ ఎముకల్లో ఒకదాని మీదేమో రాణి ఫూ హావ్ మనుషులు 3,000 మందిని, ల్యూ 10,000 మందిని యుద్ధానికి సమీకరించడం గురించి అడిగిన ప్రశ్న ఉంది. ఆ రాణి సమాధి 1976లో ఈ ఊళ్ళోనే, యిన్షూ తవ్వకాల్లో బయటపడింది. 468 కంచు వస్తువులు, 755 పచ్చరాతి వస్తువులు దొరికాయి. ఎముక మాత్రం బ్రిటన్‌లో ఉంది. అమరావతి శిల్పాల కోసం లండన్ వెళ్ళాల్సిన మనకి ఈ చిరాకు కొత్త కాదు.

దండు ఊరు విడిచి పరాయి నేల మీద రాత్రుళ్ళు గడుపుతుంది. బాటసారి, వర్తకుడు చేసేదీ అదే, మాట వాళ్ళకీ అంటింది. పాత అర్థం మాత్రం పోలేదు. యిన్షూలో జెండా ఎత్తిన గైడ్ వెనక ఒకే రంగు టోపీల గుంపు నడుస్తుంటే, అక్షరం అచ్చంగా కళ్ళముందే కదిలింది.

ఈజింగ్ అనే పాత చైనా జోస్య గ్రంథంలోని 64 చిహ్నాల్లో 56వది ల్యూ: కింద కొండ, పైన నిప్పు. ఒక పాదంలో బాటసారికి బస దొరుకుతుంది, డబ్బు భద్రంగా ఉంటుంది, నమ్మకమైన నౌకరూ దొరుకుతాడు. తర్వాతి పాదంలో బస కాలిపోతుంది, నౌకరు పోతాడు. నిప్పు సంగతేమోగానీ బస చిక్కు ఇప్పటికీ ఉంది. విదేశీయుడు దిగిన 24 గంటల్లో పోలీసు రికార్డులో పేరు ఎక్కాలి. ఆ నమోదు తెలియని చిన్న హోటళ్ళు కౌంటర్ దగ్గరే వెనక్కి పంపేస్తాయి, అప్పుడు ఎక్కువ అద్దె పోసి పెద్ద హోటల్లో దిగాల్సి వస్తుంది. డబ్బు కట్టకముందే, విదేశీ పాస్‌పోర్ట్ తీసుకుంటారా అని చైనీస్‌లో మెసేజ్ పెట్టి అడగండి.