చేయలేనివన్నీ రాయమన్నారు

ఇంగ్లాండులో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ప్రభుత్వ సాయం గురించి వచ్చే గోధుమరంగు కవర్లు కొత్త కాదు. కానీ పిల్ల చదువు ముగిసే ఏడాది వచ్చే కవర్ల తీరు వేరు. మా అమ్మాయికి 16 నిండేదాకా అన్నీ మా పేరున వచ్చేవి. ఇప్పుడు కవరు మీద ఆమె పేరే ఉంటుంది. ఆమెకు ఆటిజంతో పాటు నేర్చుకోవడంలో తీవ్రమైన ఇబ్బంది కూడా ఉంది. కవరు మీది పేరు చదివి మురిసిపోతుంది, లోపలి ఉత్తరం నా చేతికిస్తుంది.

ఈ వేసవితో కాలేజీ అయిపోయింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం కౌన్సిల్ రాసే విద్యా పథకం 25 ఏళ్ళదాకా సాగవచ్చని చట్టంలో ఉంది. సాగవచ్చు అన్నారే గానీ సాగుతుందని ఎవరూ అనలేదు. చదువు ఆగితే దాని వెనకే పిల్లల పెంపకానికి మాకిచ్చే చైల్డ్ బెనిఫిట్ ఆగుతుంది. అక్కడి నుంచి ఆమె తన పేరున, ఆదాయం తక్కువ ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి.

మావారు మొదట ససేమిరా అన్నారు. "ఇన్నేళ్ళుగా పన్ను కడుతున్నాం, ఒకరి ముందు చెయ్యి చాచే ఖర్మ మనకెందుకు" అని. ఇది మన ఇళ్ళలో చాలామంది మగవాళ్ళ మాటే. నా జవాబు ఒకటే: చాచేది మీ చెయ్యి కాదు. పెద్దయిన పిల్ల సొంతంగా దరఖాస్తు పెట్టుకుంటే, మనింట్లోనే ఉన్నా సరే, తల్లిదండ్రుల జీతం లెక్కలోకి రాదు. ఆమె ఆదాయం, ఆమె పొదుపు మాత్రమే చూస్తారు. 16 ఏళ్ళప్పటి నుంచి, వైకల్యం వల్ల పడే అదనపు ఖర్చుల కోసం వచ్చే పిప్‌కు అయితే ఆస్తిపాస్తులతో అసలు పనే లేదు. ఈ పిల్లను ఎప్పటికీ మన కొంగు పట్టుకు తిరిగే పాపాయిగా ఉంచుకోవాలన్న కోరిక కూడా ఆయన అభిమానం వెనక కొంత దాగి ఉందని నాకు అనుమానం.

డబ్బు మాట అలా ఉంచితే, అసలు కష్టం పిప్ ఫారం నింపడంలో ఉంది. విజయవాడలో మా ఆడపడుచు కొడుకుకు ఇలాంటి ఇబ్బందే. అక్కడ ప్రభుత్వం వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి తీసుకెళ్తే డాక్టర్లు చూసి శాతం వేస్తారు. 40 శాతం, ఆ పైన ఉంటే నెలకు 6,000 రూపాయల పింఛను. ఇక్కడ శాతాలు లేవు. జబ్బు పేరు చెబితే సరిపోదు. వంట, తిండి, స్నానం, బట్టలు, మాట్లాడటం, డబ్బు లెక్క ఇలా రోజువారీ జీవితానికి సంబంధించి 10 పనులు, బయట తిరగడానికి సంబంధించి 2 పనులు. ఒక్కోదానికి పాయింట్లు. ఒక భాగంలో 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే పెద్ద రేటు.

ఎవరైనా అడిగితే "మా అమ్మాయి ఉప్మా చేస్తుందండీ" అని గర్వంగా చెప్పుకునే ఇల్లు మాది. నిజంగానే చేస్తుంది. రవ్వ కొలిచి పక్కన పెడుతుంది, ఉల్లిపాయ తరిగి ఇస్తే మూకుడులో వేస్తుంది, వరస తప్పదు. అయితే ఆవాలు చిటపటలాడగానే రెండు చెవులూ మూసుకుని హాల్లోకి పరుగెత్తుతుంది. పొయ్యి మండుతూనే ఉంటుంది. నేను వెళ్ళి మంట తగ్గించకపోతే ఆ పోపు బొగ్గవుతుంది, ఒక్కోసారి అంతకన్నా ప్రమాదమే కావచ్చు. తిరిగొచ్చి గరిటె పట్టుకుంటుంది గనక చూసేవాళ్ళకు ఉప్మా ఆమే చేసినట్టు ఉంటుంది. నియమాల ప్రకారం ఒక పని చేయగలరు అనాలంటే ప్రమాదం లేకుండా, సరిగ్గా, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, తగినంత సమయంలోనే చేయగలగాలి. పక్కన మనిషి నిలబడాల్సి వస్తే దానికి 4 పాయింట్లు. "వంట చేస్తుంది" అని రాసి ఊరుకుంటే సున్నా.

మనవాళ్ళ చేత ఈ ఒక్క గడి నింపించడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకే తెలుసు. పిల్ల గురించి చెడ్డ మాట నోటి వెంట రాకూడదు, రాస్తే అసలే రాకూడదు అనే నమ్మకంలో పెరిగాం. దిష్టి తగులుతుందనే భయం ఒకటి. చెల్లెలి పెళ్ళి సంబంధాలకు అడ్డమవుతుందనే లెక్క ఇంకొకటి. దాంతో పరీక్షించడానికి వచ్చినవాళ్ళ ముందు కూడా పిల్లను ముస్తాబు చేసి, నేర్పిన రెండు వాక్యాలు పలికించి, "చూశారా" అన్నట్టు కూర్చుంటాం. ఆ ముస్తాబుకు పాయింట్లు పోతాయి. పిల్ల చేయగలిగినవి నా దగ్గర ఇంకో పుస్తకంలో రాసి ఉన్నాయి. ఫారం ఆ పుస్తకం కాదు.

16 నిండినప్పుడు ఒక అధికారి ఇంటికి వచ్చాడు. ఆమె తన బెనిఫిట్స్ తానే చూసుకోగలదా, లేక ఆమె తరఫున నన్ను అపాయింటీగా పెట్టాలా అని తేల్చడానికి. నాకంటే ముందు ఆమెనే పలకరించాడు. అది నాకు నచ్చింది. "నీ డబ్బు ఎవరు చూసుకుంటే బాగుంటుంది?" అని అడిగాడు. తడుముకోకుండా "తాతయ్య" అంది. తాతయ్య తెనాలిలో ఉంటారు, ఫోనులో పాటలు పాడతారు. తాతయ్య సంగతి నేను చెప్పాక అధికారి నవ్వుకుని నా పేరు రాసుకున్నాడు. అపాయింటీ అధికారం బెనిఫిట్స్ వరకే. ఆమె పేరున ఉన్న మిగతా సొమ్ము ముట్టుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి.

యూనివర్సల్ క్రెడిట్‌లో పని చేసే స్థితి లేదని జీపీ, అంటే మన పేటలోని డాక్టరు, రాసిచ్చే ఫిట్ నోట్ పెట్టి, ఇంకో పొడుగాటి ఫారం నింపాలి. పని వెతుక్కోవాల్సిన అవసరం కూడా లేనంత ఇబ్బంది ఉందని తేలితే అదనపు మొత్తం ఇస్తారు, అదీ మామూలుగా మూడు నెలలు ఆగాక. 2026 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవారికి ఆ అదనం నెలకు 217.26 పౌండ్లు. అంతకు ముందు ఏడాది 423.27 ఉండేది. జీవితాంతం మారని తీవ్ర స్థితి ఉన్నవారికి పాత స్థాయి ఉంచారు. అందుకే ఆటిజం పుట్టుకతో వచ్చిందని, పోయేది కాదని డాక్టరు చేత స్పష్టంగా రాయించుకోవడం ఇప్పుడు మరీ ముఖ్యం.

ఉగాది కలయికల్లో ఈ మాట ఎత్తగానే చిన్న వయసు జంటలు చుట్టూ చేరతారు. వాళ్ళలో చాలామంది ఉద్యోగ వీసాల మీద ఉన్నవాళ్ళే. శాశ్వత నివాస హక్కు వచ్చేదాకా వాళ్ళకు ఈ బెనిఫిట్స్ ఏవీ తీసుకునే వీలు లేదు, తీసుకుంటే వీసాకే ముప్పు. బడిలో అందే ప్రత్యేక సాయానికి మాత్రం ఆ అడ్డు లేదు. అది అడగడానికి భయపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇండియా ప్రయాణాలకూ హద్దు వచ్చింది. పిప్ మామూలుగా 13 వారాలదాకా ఆగదు, యూనివర్సల్ క్రెడిట్ అయితే నెల దాటితే ఆగిపోతుంది. పిల్లను ఆరు నెలలు తన దగ్గర ఉంచుకుంటానని మా అమ్మ ఏటా అడుగుతుంది. ఈ ఏడాదికి ఒక్క నెలతో సరిపెట్టుకోమంటే అలిగింది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మన ప్రేమలోనే ఉంది. ఆడపిల్ల అనగానే పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తాం, ఊళ్ళో స్థలం రాస్తాం. ఒంటి మీద నగల సంగతి బెనిఫిట్స్ వాళ్ళకు పట్టదు. డిపాజిట్టూ స్థలమూ మాత్రం ఏ దేశంలో ఉన్నా ఆమె ఆస్తే. 6,000 పౌండ్లు దాటితే వచ్చే మొత్తంలో కోత పడుతుంది, 16,000 దాటితే యూనివర్సల్ క్రెడిట్ అసలు రాదు. ఆ ఆస్తి ఆమె పేరున వచ్చాక ఇంకొకరి పేరుకు మారిస్తే కావాలనే వదిలించుకున్నట్టు లెక్కించవచ్చు. కాబట్టి ముందే ట్రస్టు రాయించి, ఇవ్వదలచుకున్నది అందులోకి వెళ్ళేలా వీలునామా మార్చాలి.

తెనాలి స్థలం మనవరాలికే అని మా నాన్న ఎప్పుడో రాసి పెట్టారు. ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. "అంటే నా మనవరాలికి నేనేమీ ఇవ్వకూడదా తల్లీ?" అన్నారు. ట్రస్టు గురించి విడమరిచి చెప్పాను. డబ్బు ఆమె కోసమే ఉంటుంది, ఆమె పేరున ఉండదు, నమ్మకమైనవాళ్ళు చూసుకుంటారు అని. మా వీధి రామాలయం ట్రస్టులో పదవి కోసం ఆయన పడని పాట్లు లేవు. ఒక్కసారిగా గొంతులో హుషారు వచ్చింది. "అయితే చైర్మన్ ఎవరు?" అన్నారు.